ఎవరి వాటాతో ఎవరి ధర్మం?

నెలకు పదిహేను కిలోల బియ్యం, కిలో 1,600 రూపియాలు. ‘రస్కిన్’ పథకం కింద ఇండోనేషియా ప్రభుత్వం ఒక్కో పేద కుటుంబానికి ఏళ్ల తరబడి రాసిచ్చిన వాటా ఇది. జకార్తాలో రాసిన ఈ లెక్క, జావాలోనో సులవేసిలోనో ఒక ఊరి కార్యాలయం ముందు బస్తాలు దిగేసరికి మారిపోయేది. చాలా ఊళ్లలో బస్తా మూతి విప్పి, జాబితాలో పేరున్న ఇంటికీ లేని ఇంటికీ తలా కొన్ని కిలోలు కొలిచి పోసేవారు. ఈ పద్ధతిని అక్కడ ‘బాగి రాతా’ అంటారు, సమంగా పంచడం అని అర్థం. పై అధికారుల నివేదికల్లో దీని పేరు లీకేజీ. ఊరి పెద్ద లెక్కలో దీని పేరు న్యాయం. ఈ రెండు పేర్లలో ఏది సరైనదో పరిపాలనా నిపుణులు మాత్రమే తేల్చేది కాదు. ఒకరికి చెందవలసినదాన్ని ఇంకొకరు పదిమందికీ పంచితే అది ధర్మమవుతుందా అన్న పాత ప్రశ్న ఇందులో దాగుంది.

ఈ ప్రశ్నకు కావలసిన రెండు మాటలూ వారి భాషకూ మన భాషకూ ఒకే మూలాల నుంచి వచ్చాయి. అరబ్బీ ‘హఖ్’ అక్కడ ‘హాక్’ అయింది. పారశీకం, ఉర్దూల మీదుగా వచ్చి ఇక్కడ ‘హక్కు’ అయింది. సంస్కృత ‘ధర్మం’ అక్కడ ‘దెర్మా’గా మారి దానం, భిక్ష అనే అర్థంలో నిలిచింది. గుడి మెట్ల దగ్గర ‘ధర్మం చేయండి బాబూ’ అన్న పిలుపు విన్న తెలుగువాడికి ఈ అర్థం కొత్తేమీ కాదు. అంత పెద్ద మాట రెండు చోట్లా చిల్లర నాణెం దాకా దిగింది. ధర్మం ఇచ్చేవాడి మనసును బట్టి నడుస్తుంది. ఎవరికివ్వాలో, ఎంతివ్వాలో అతని ఇష్టం. హక్కు పుచ్చుకునేవాడి స్థితిని బట్టి నడుస్తుంది. ఇచ్చేవాడు మధ్యలో ఒక చేయి మాత్రమే. రస్కిన్ బియ్యం ఏ కోవకు చెందుతుందో చట్టాన్ని అడిగితే సందేహం ఉండదు. నిరుపేదలనూ దిక్కులేని పిల్లలనూ పోషించడం రాజ్యం పని అని 1945 నాటి రాజ్యాంగంలోని 34వ అధికరణం చెబుతుంది. అదే ఏడాది జూన్ 1న స్వాతంత్ర్య నాయకుడు సుకర్ణో చేసిన ప్రసంగం నుంచి పుట్టిన, ఆ దేశానికి పునాది సూత్రాలైన పంచశీలలో చివరిది ప్రజలందరికీ సామాజిక న్యాయం. మొదటిది ఏకేశ్వర విశ్వాసం. దేవుడితో మొదలైన ఆ జాబితా పేదవాడి వాటా దగ్గర ముగుస్తుంది.

చట్టానికీ ఆ పేద ఇంటి గడపకూ మధ్య దూరం మాత్రం చాలా ఉంది. పదిహేడు వేలకు పైగా దీవులు, ఇప్పుడు 38 రాష్ట్రాలు, ఐదు వందలకు పైగా జిల్లాలూ నగరాలూ, సుమారు 75 వేల గ్రామాలు. 1998లో అధ్యక్షుడు సుహార్తో దిగిపోయేదాకా అన్నీ జకార్తా చెప్పినట్టే నడిచేవి. 1999లో చేసిన రెండు చట్టాలు 2001 నుంచి అమల్లోకి వచ్చి అధికారాన్నీ డబ్బునూ ఒక్కసారిగా జిల్లాలకు దించాయి. జిల్లా పాలకుణ్ని అక్కడ ‘బుపతి’ అంటారు, అది మన ‘భూపతి’యే. 2005 నుంచి అతన్ని జనం నేరుగా ఎన్నుకుంటున్నారు. 2014 నాటి గ్రామ చట్టం ఇంకో మెట్టు దిగి, మరుసటి ఏడాది నుంచి ‘దేసా’లకు, అంటే గ్రామాలకు, కేంద్ర బడ్జెట్ నిధులు పంపింది. దీనివల్ల మేలు జరగలేదనలేం. దేశమంతటికీ ఆరోగ్య బీమా 2014 జనవరి 1న మొదలైతే, బాలి దీవిలోని జెంబ్రానా జిల్లా తన సొంత బీమాను 2003లోనే నడిపింది. బియ్యం విషయంలో మాత్రం చేతులు మారిన చోటల్లా బాధ్యత జారిపోయింది. ప్రభుత్వ ఆహార సంస్థ బులోగ్ నిర్ణయించిన పంపిణీ స్థలం దాకా బస్తాలు చేర్చేది. అక్కడి నుంచి ఇంటిదాకా స్థానిక ప్రభుత్వం చూసుకోవాలి. రవాణా ఖర్చు పేరు చెప్పి ధర పెరిగేది, పంపకం పేరు చెప్పి తూకం తగ్గేది. చివరికి జాబితాలోని కుటుంబానికి అందవలసిన సబ్సిడీలో మూడో వంతే అందుతోందని ఒక పెద్ద అధ్యయనం లెక్క తేల్చింది.

అయినా సమంగా పంచేవారి వాదనను తేలిగ్గా తీసిపారేయకూడదు. జావా ఊళ్లలో పుట్టుకకూ పెళ్లికీ చావుకూ ‘స్లామెతాన్’ అనే విందు జరుగుతుంది. ఇరుగుపొరుగు చాపల మీద కూర్చుంటారు, ప్రార్థన అవుతుంది, కాస్త తిని మిగతాది పొట్లం కట్టుకుని ఇంటికి తీసుకెళ్తారు. అక్కడ ఎవరి పొట్లం వారికి ఒకేలా ఉంటుంది. దారి వేయాలన్నా, ఇల్లు కప్పాలన్నా ఊరంతా కదిలే ‘గోటోంగ్ రోయోంగ్’ ఈ భావన మీదే నిలబడింది. పంక్తిలో వలపక్షం పాపమని వింటూ పెరిగిన మనకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒక విస్తట్లో నెయ్యి వడ్డించి పక్క విస్తరిని దాటిపోతే, ఆ పక్కవాడు మళ్లీ ఆ ఇంటి గడప తొక్కడు. ఇక జాబితా తయారైన తీరు చూడండి. 2005 అక్టోబరులో ఇంధన ధరలను సగటున రెట్టింపుకు మించి పెంచిన ప్రభుత్వం, దానికి పరిహారంగా కోటీ తొంభై లక్షల దాకా కుటుంబాలకు నెలకు లక్ష రూపియాల చొప్పున, మూడు నెలలది ఒకేసారి ఇచ్చింది. పేదలెవరో గుర్తించడానికి గణాంక శాఖ పద్నాలుగు ఆనవాళ్లు పెట్టుకుంది: మనిషికి ఎనిమిది చదరపు మీటర్లకు మించని ఇల్లు, మట్టి నేల, వెదురు గోడ, కట్టెల పొయ్యి, ఏడాదికి ఒక్క జత కొత్త బట్టలు, ఇలాంటివి. వెదురు గోడ ఒక దీవిలో లేమికి గుర్తయితే ఇంకో దీవిలో వాడుక. గీతకు ఇవతలి ఇంటికి మూడు లక్షలు, అవతలి ఇంటికి సున్నా. గొడవలయ్యాయి. గ్రామ పెద్దల మీదా, లెక్కలు రాసుకెళ్లినవాళ్ల మీదా జనం విరుచుకుపడ్డారు. సామాజిక అసూయ అనే అర్థంలో ‘కెచెంబురువాన్ సోసియాల్’ అన్న మాట అధికారుల నోట్లో నానింది. ఇది చూసిన గ్రామ పెద్ద బియ్యం బస్తా ముందు నిలబడి అందరికీ తలా ఇంత కొలిచి పోశాడంటే, అతన్ని దొంగ అనడానికి నోరు రాదు.

కానీ ఈ వాదనలో మూడు వేర్వేరు మాటలు ముడిపడి ఉన్నాయి: పైవాళ్ల జాబితా తప్పు, ఊరి దృష్టిలో సమానమే న్యాయం, సమానంగా పంచితేనే శాంతి. ముడి విప్పి ఒక్కొక్కటీ చూడాలి. మొదటి రెండింటినీ పరీక్షించిన ప్రయోగం ఒకటుంది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, బెంజమిన్ ఓల్కెన్, రెమా హన్నా, వివి అలాతాస్ తదితరులు ఉత్తర సుమత్రా, మధ్య జావా, దక్షిణ సులవేసి రాష్ట్రాల్లోని 640 గ్రామాల్లో చేసి 2012లో ప్రచురించారు. కొన్ని ఊళ్లలో ఇంటి ఆస్తుల లెక్కతో పేదల్ని గుర్తించారు, కొన్నిచోట్ల ఊరి సభకే వదిలేశారు, కొన్నిచోట్ల రెండూ కలిపారు. సభ జరిగిన తీరు చిన్న నాటకంలా ఉంటుంది. గోడకు ఒక తాడు కడతారు. ఒక కొస బాగా ఉన్నవాళ్లది, మరో కొస బాగా లేనివాళ్లది. ఒక్కో కుటుంబం పేరు రాసిన అట్టముక్క తీసి, ‘వీళ్లు వాళ్లకంటే మెరుగా, తక్కువా’ అని సభను అడిగి, తాడు మీద దాని చోట తగిలిస్తారు. అన్ని పేర్లూ అయ్యేసరికి ఊరంతా ఒక వరుసలో వేలాడుతుంది. సభ సాగేకొద్దీ జనం అలిసిపోయి, చివరి పేర్ల దగ్గర పొరపాట్లు ఎక్కువయ్యాయి కూడా.

ఖర్చును బట్టి పేదరికాన్ని కొలిస్తే ఊరి సభ ఆస్తుల లెక్క కంటే కాస్త వెనకబడింది. అయితే ఊరి కొలతే వేరని పరిశోధకులు గమనించారు. ఒకే ఖర్చుతో బతుకుతున్న రెండు ఇళ్లలో వితంతువు నడిపే ఇంటిని ఊరు మరింత పేదగా చూసింది, చదువుకున్నవాడి ఇంటిని కలిగినదిగా చూసింది. ఇవాళ ఎంత తింటున్నారని కాక, రేపు సంపాదించగలరా అని అడిగింది. పెద్దలు తమవాళ్లను దొంగచాటుగా జాబితాలోకి తోసిన ఆధారాలు కనిపించలేదు. అన్నింటికంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. సభ పెట్టిన ఊళ్లలోనే జనం ఎక్కువ తృప్తిగా ఉన్నారు, ఫిర్యాదులు తగ్గాయి. అంటే పేదలెవరో ఊరికి తెలుసు, కొందరికే ఇవ్వడం ఊరికి సమ్మతమే, ఆ కొందరిని తానే ఎంచుకుంటే చాలు. సమానంగా పంచడం తప్ప మరో న్యాయం ఆ మట్టిలో మొలవదన్న మాట ఇక్కడే వీగిపోతుంది. ఆ ప్రయోగంలో ఇచ్చింది ఒక్కసారి ముప్పై వేల రూపియాలే, చిన్న మొత్తం కాబట్టి గొడవ రాలేదు అని ఎవరైనా అనవచ్చు. నిజమే, పెద్ద మొత్తానికీ అదే తృప్తి ఉంటుందని దీన్నిబట్టి చెప్పలేం. కానీ ఊరి మనసులో అవసరానికి స్థానముందా అన్నదే మన ప్రశ్న. ఉందని తాడు మీది ఆ వరుసే సాక్ష్యం.

మిగిలింది శాంతి గురించిన మాట. దీనికి జవాబు ఒక కాగితం ముక్కలో ఉంది. రేషన్ కార్డును బీరువాలో భద్రంగా దాచుకునే తెలుగు ఇళ్లకు ఆ కాగితం విలువ తెలుసు. రస్కిన్ లబ్ధిదారుల్లో చాలామందికి తమ పేరు జాబితాలో ఉందనిగానీ, అసలు ధర ఇంతనిగానీ చెప్పే ఆధారం చేతిలో ఉండేది కాదు. 550కి పైగా గ్రామాల్లో చేసిన మరో ప్రయోగంలో, కొన్ని ఊళ్లలోని పేద కుటుంబాలకు జాబితాలో వారున్నట్టు చూపే కార్డులు పోస్టులో పంపారు. ఊరికి కొత్తగా అధికారి రాలేదు, తనిఖీ దళం రాలేదు. అయినా ఆ కుటుంబాలకు అందిన సబ్సిడీ 26 శాతం పెరిగింది. కార్డు మీద ధర అచ్చువేసిన చోట, పేర్లు బహిరంగంగా ప్రకటించిన చోట ఇంకా పెరిగింది. మరి పొరుగువారి సంచి తగ్గిందా? తగ్గలేదు. జాబితాలో లేనివాళ్లకు అంతకుముందు ఎంత అందేదో అంతే అందింది. ఈ ఒక్క ఫలితం మొత్తం వాదనను తిరగేస్తుంది. పేదవాడి వాటాలో కోత పడినదంతా ఊరి పంక్తికి పోలేదు, కొంత ఏ విస్తట్లోకీ చేరకుండా మాయమయ్యేది. ‘అందరికీ పంచాం’ అన్న మాట ఆ మాయమైనదానికి ముసుగైంది. కార్డు పట్టుకుని పేదమనిషి నిలదీసేసరికి ముసుగు కొంత తొలగింది, పొరుగుతో పోట్లాటకు కారణం మాత్రం పుట్టలేదు. అటు 2005 నాటి నగదు పంపిణీ మీద లీసా కామెరాన్, మనీషా షా చేసిన పరిశోధన, పంపిణీ గురితప్పిన చోట నేరాలు పెరిగాయనీ, జనం సంఘ కార్యక్రమాలకు దూరమయ్యారనీ చూపింది. అంటే అర్హుడికి అందడం కంటే, అందవలసిన చోటికి అందకపోవడమే ఊరిని ఎక్కువ చీలుస్తుంది.

ధర్మశాస్త్రం వైపు నుంచి చూసినా దారి ఇక్కడికే వస్తుంది. ఇండోనేషియా జనాభాలో అత్యధికులు ముస్లింలు. ఉన్నవాడి సొత్తులో అడిగేవాడికీ, అడగలేక మిగిలిపోయినవాడికీ ‘తెలిసిన హక్కు’ ఉందన్నది ఖురాన్ భావన. అందులో ‘హక్కు’ ఎంత ముఖ్యమో ‘తెలిసిన’ అన్న మాటా అంతే ముఖ్యం. ఎంతో, ఎవరికో తెలియని హక్కు ఇచ్చేవాడి దయ అయిపోతుంది. అందుకే ఇస్లాం స్వచ్ఛంద దానమైన సదఖాను మనిషి ఇష్టానికి వదిలినా, తప్పనిసరి దానమైన జకాత్‌కు ఎనిమిది తరగతుల గ్రహీతలను నిర్ణయించింది. వసూలు చేసి పంచేవాడి పేరు కూడా ఆ ఎనిమిదిలో ఉంది, అతని వాటా కూడా చాటుమాటుది కాకూడదని. 1912లో యోగ్యకర్తలో ముహమ్మదియా సంస్థను స్థాపించిన అహ్మద్ దహ్లాన్ గురించి ఇండోనేషియాలో అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. ఆయన రోజూ ఖురాన్‌లోని ‘అల్-మాఊన్’ అనే చిన్న అధ్యాయాన్నే బోధిస్తుంటే శిష్యులు విసిగి, ఇది మాకు కంఠస్థమైపోయింది కదా అన్నారట. కంఠస్థమైంది సరే, ఆచరించారా అని అడిగి ఆయన వాళ్లను పేదల్ని వెతకడానికి పంపాడట. అనాథను నెట్టేసేవాడి ప్రార్థన, ఇరుగుపొరుగుకు చిన్న సాయం కూడా నిరాకరించేవాడి ప్రార్థన ఉత్త నటన అని ఆ అధ్యాయం సారం. వెతికి వెళ్లడం ఇందులో కీలకం. ఊరంతటికీ సమంగా కొలిచి పోసేవాడికి ఎవర్నీ వెతకవలసిన పని ఉండదు.

మతాన్ని ఆధారం చేసుకుంటే బాలిలోని హిందువులకు, తూర్పు నుసా తెంగరాలోని క్రైస్తవులకు ఈ వాదన ఎలా వర్తిస్తుందని అడగవచ్చు. పంచశీల ఏ మతం పేరూ ఎత్తదు కాబట్టి ఈ అడగడం సబబే. కానీ ఇచ్చేవాడి పుణ్యం కంటే పుచ్చుకునేవాడి అవసరం ముందు రావాలన్న మాటకు ఒక్క గ్రంథమే పునాది కానక్కర్లేదు. మన దగ్గరా పాత్రదానం, అపాత్రదానం అన్న విభజన ఉంది. అయితే మన పాత్రత తరచూ పుచ్చుకునేవాడి విద్యనూ కులాన్నీ చూసింది, ఆకలిని చూడలేదు. అర్హత అన్న మాటను ఎవరు ఎత్తినా ఈ ప్రమాదం వెన్నంటే ఉంటుంది, ఇండోనేషియా ప్రభుత్వమూ అందులో పడింది. పిల్లల చదువు, ఆరోగ్యం షరతులుగా నగదు ఇచ్చే పీకేహెచ్ పథకంలో, కొన్ని జిల్లాల అధికారులు లబ్ధిదారుల ఇళ్ల గోడల మీద ‘పేద కుటుంబం’ అని రంగుతో రాయించారు. సిగ్గుపడి కొందరు పథకం వదులుకుంటే దాన్ని విజయంగా లెక్కవేశారు. పింఛను తీసుకునే ఉద్యోగి ఇంటి గోడ మీద ఎవరూ ఏమీ రాయరు, అతనిది హక్కని అందరూ ఒప్పుకుంటారు గనుక. గోడ మీద రాసిన రాత, నోటితో హక్కు అంటూనే మనసులో భిక్ష అనుకున్న ప్రభుత్వాన్ని పట్టిస్తుంది.

అలాగని తప్పంతా ఊళ్లదేనని, జకార్తా చేతులు శుభ్రమని ఈ వాదనకు అర్థం లాగకూడదు. కరోనా కాలంలో పేదలకు పంచిన సరుకుల సంచుల్లో ఒక్కోదానికీ ముడుపులు పుచ్చుకున్న కేసులో అప్పటి సాంఘిక వ్యవహారాల మంత్రి జూలియారీ బతుబారాకు 2021 ఆగస్టులో పన్నెండేళ్ల జైలుశిక్ష పడింది. గ్రామ పెద్ద పొరుగింటి మాట పడలేక పంచాడు, మంత్రి తనకోసం తీసుకున్నాడు. నేరంలో ఈ రెంటికీ పోలిక లేదు. అయినా రెండు చోట్లా వాటా ఎవరిదో ఆ మనిషికి చెప్పకుండానే పని జరిగింది. అందువల్ల అధికారం కేంద్రంలో ఉండాలా ఊళ్లో ఉండాలా అన్న చర్చ ఇక్కడ రెండో స్థానంలోకి పోతుంది. పేదవాడు తన వాటాను ముందే ఎరిగి ఉన్నాడా అన్నది మొదటి ప్రశ్న.

అసలు అందరికీ ఇచ్చేస్తే ఈ తలనొప్పి ఉండదు కదా అన్నది మరో అభ్యంతరం. ఇది గౌరవించదగినది. 2025 జనవరిలో మొదలైన ఉచిత పోషకాహార భోజన పథకం ఈ దారినే పట్టింది. బడి పిల్లల్లో పేదా గొప్పా ఏరకుండా అందరికీ పళ్లెం పెట్టాలన్నది దాని ఉద్దేశం, తొలి బడ్జెట్ 71 లక్షల కోట్ల రూపియాలు. పంక్తి వేయాలని చట్టమే నిర్ణయించి, ఖర్చు ఖజానా నుంచి పెట్టి, ప్రతి విస్తరికీ ముందే లెక్క చెబితే అది నిజాయతీ గల సమానత్వం. బాగి రాతాలో పంక్తి వేసింది ఊరు, వడ్డించింది పేదవాడి గాదె నుంచి. పలచబడిన సాయం ఎవరికి ఎంత నష్టం చేస్తుందో కూడా ఇప్పుడు తెలుసు. బియ్యం బస్తాల బదులు బియ్యం, గుడ్లు కొనుక్కునే ఎలక్ట్రానిక్ కార్డు ఇచ్చే మార్పును ప్రభుత్వం 105 జిల్లాల్లో లాటరీ పద్ధతిన విడతలుగా తెచ్చింది. కార్డు వచ్చిన చోట లక్షిత కుటుంబాలకు 46 శాతం ఎక్కువ సాయం అందింది. మొదట్లో అట్టడుగున ఉన్న పదిహేను శాతం కుటుంబాల్లో పేదరికం 20 శాతం తగ్గింది. అదే సాయం ఊరంతా పరుచుకుంటే ఎవరి పేదరికాన్నీ కదిలించలేకపోయింది, మధ్యతరగతి వంటింట్లో మూడు పూటల అన్నంగా కలిసిపోయింది.

చివరిగా అన్నింటికంటే బరువైన అభ్యంతరం. ఆ పేదమనిషే పంచడానికి ఒప్పుకుంటే? ఆమెకు పదిహేను కిలోల కంటే పొరుగింటి మంచితనం ఎక్కువ కావచ్చు. రేపు జ్వరమొస్తే ఆస్పత్రికి మోసుకెళ్లేది ఆ పొరుగువాళ్లే, జకార్తా కాదు. ఈ మాటలో నిజముంది, ఆమె లెక్క మనకంటే ఆమెకే బాగా తెలుసు. అయితే తన వాటా ఎంతో తెలియని మనిషి మౌనాన్ని సమ్మతిగా రాసుకోవడం న్యాయం కాదు. తెలిసి ఇచ్చింది దానం. తెలియకుండా తీసింది, పదిమంది పంచుకు తిన్నా సరే, దానం కాదు. ఇండోనేషియా ఊళ్లకు దానగుణం నేర్పవలసిన అవసరం ఎవరికీ లేదు, అది వారికి పుష్కలంగా ఉంది. కావలసిందల్లా వరుస మార్చడం: ముందు హక్కు, తర్వాత ధర్మం. ఆమె పేరు, తూకం, ధర రాసిన కాగితం ముందుగా ఆమె చేతిలో పెట్టండి. తర్వాత పదిహేను కిలోలూ ఆమె సంచిలో పోయండి. అందులోంచి పొరుగింటికి ఎన్ని దోసిళ్లు పోయాలో ఆమె చూసుకుంటుంది.